ఏబీసీడీలు వచ్చాయి, డబ్బా మూతే రాలేదు

మా అమ్మాయి ఈ ఏడాది, అంటే 2025 జూన్ 12న హనుమకొండలో ఎల్‌కేజీలో చేరింది. ఇప్పుడు ఆగస్టు. ఏడుపులు తగ్గాయి, జలుబులు తగ్గాయి, నాకూ కాస్త తీరిక చిక్కింది. పోయిన నవంబరు నుంచి దీనికోసం ఏమేం చేశామో, ఎక్కడెక్కడ ఆగిపోయామో మరిచిపోకముందే రాస్తున్నాను. వచ్చే ఏడాది పిల్లల్ని బడికి పంపేవాళ్ళకు ఏదో ఒకటి పనికి రావచ్చు. ఏ స్కూల్ మంచిదని మాత్రం అడగొద్దు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పను.

మా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మా ఆయనది భూపాలపల్లి సింగరేణిలో ఉద్యోగం. పిల్ల చదువు కోసం రెండేళ్ళ కిందట హనుమకొండలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. బొగ్గుబాయి కుటుంబాల్లో ఇది కొత్తేం కాదు. ఆయన షిఫ్టును బట్టి వచ్చిపోతుంటారు. ఇంట్లో ఉండేది నేను, అత్తమ్మ, పాప. పాప పుట్టింది 2021 మార్చిలో, కరోనా రెండో వేవ్ అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో. మొదటి ఏడాది దాని మొహం చూసినవాళ్ళు తక్కువ. అది చూసిన మొహాలు ఇంకా తక్కువ, అవి కూడా సగం మాస్కుల్లోనే. అందుకో మరెందుకో గానీ, కొత్త మనిషి గడప తొక్కితే చాలు నా చున్నీ వెనక దూరేది. మూడేళ్ళు నిండగానే నర్సరీలో వేద్దామని ఆయన అన్నారు. "గింత పిల్లను ఎవ్వలకో అప్పజెప్పి వస్తమా?" అని అత్తమ్మ అడ్డం తిరిగింది. ఆ ఏడాది అలాగే గడిచిపోయింది.

నవంబరు చివర్లో ఒక స్కూల్‌కు పోయి ఫారం తెచ్చుకున్నాం. దాని వెనక పేజీలో జతచేయాల్సినవి రాసి ఉన్నాయి: పాప బర్త్ సర్టిఫికెట్, పాప ఆధార్, మా ఇద్దరి ఆధార్, టీకాల కార్డు, ఫొటోలు. బీరువాలోంచి బర్త్ సర్టిఫికెట్ తీసి చూస్తే పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు కావాలి కాబట్టి ఆసుపత్రివాళ్ళు పేరు లేకుండానే వివరాలు పంపించేశారు. మేమేమో తొట్టెల ఫంక్షన్ రోజున పేరు పెట్టుకున్నాం. ఆ పేరు కాయితం దాకా పోలేదు. మా ఒక్కళ్ళకే ఇలా అయిందనుకున్నాను గానీ, మీసేవలో నా ముందు నిలబడ్డ ఆమెదీ అదే పని.

పేరు చేర్చడం పెద్ద కష్టమేం కాదు. పుట్టిన ఏడాదిలోపైతే రుసుము లేదు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో పదిహేనేళ్ళ వయసు దాకా చేర్చుకోవచ్చు. చిక్కంతా ఒకటే. పిల్ల ఎక్కడ పుడితే అక్కడి ఆఫీసు నుంచే మంజూరు కావాలి. మొదటి కాన్పు కాబట్టి పాప పుట్టింది మా అమ్మగారి ఊళ్ళో. డిసెంబరు 2న మీసేవలో దరఖాస్తు ఇచ్చాం. వారంలో వస్తుందన్నారు. వారం పోయింది, ఇంకో వారం పోయింది, ఆన్‌లైన్‌లో చూస్తే పెండింగ్ అనే ఉంది. మా అన్నయ్య అక్కడి ఆఫీసుకు పోయి అడిగితే సంతకం పెట్టాల్సిన సారు సెలవులో ఉన్నారట. ఆ సారు వచ్చేసరికి క్రిస్మస్ సెలవులు వచ్చాయి. చివరికి డిసెంబరు 30న చేతికి వచ్చింది. రుసుములు, జిరాక్సులు అన్నీ కలిపినా రెండు వందలు దాటలేదు. అన్నయ్య పెట్రోలు ఖర్చు లెక్కలో లేదు, అది ఆయన మేనకోడలికి ఇచ్చిన కట్నం.

పేరు ఇచ్చేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయించాలా, ఒక్క అక్షరం చాలా అన్నది అక్కడే తేల్చుకోండి. ఈ సర్టిఫికెట్‌లో ఉన్నదే ఆధార్‌లోకి పోతుంది, ఆధార్‌లో ఉన్నదే స్కూల్ రిజిస్టర్‌లోకి, అక్కణ్ణుంచి పదో తరగతి మెమో దాకా అదే నడుస్తుంది. మా ఆయనకు మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి ఉద్యోగంలో చేరేటప్పుడు పడ్డ తిప్పలు వినీ వినీ ఉన్నాను. పాపకు ఇంటిపేరు పూర్తిగానే రాయించాం.

సంక్రాంతి పోయాక ఆధార్ సెంటర్‌కు వెళ్ళాం. ఐదేళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు, కళ్ళ స్కాన్ ఉండవు, ఫొటో ఒక్కటే తీస్తారు. వేలిముద్ర వేయాల్సింది తల్లో తండ్రో. కొత్త ఆధార్‌కు డబ్బులు లేవు. ఇంత సులువా అనుకున్నాను, ఫొటో దగ్గర తెలిసింది. కుర్చీలో కూర్చోబెడితే పాప దిగిపోతుంది. నేను పట్టుకుంటే నా చెయ్యి ఫొటోలో పడుతోంది. వెనక లైన్‌లో ఉన్న ముసలాయన "చాక్లెట్ ఇయ్యమ్మా" అంటున్నాడు. చివరికి ఆపరేటర్ కుర్రాడే తన ఫోన్‌లో ఏదో పిల్లల పాట పెట్టి కెమెరా పైన పట్టుకున్నాడు. అందుకే పాప ఆధార్ ఫొటోలో నోరు తెరుచుకుని ఉంటుంది. ఐదేళ్ళు నిండాక ఎలాగూ మళ్ళీ తీస్తారని ఊరుకున్నాం. మూడు నెలలు కూడా పట్టొచ్చని భయపెట్టారు గానీ ఫిబ్రవరి రెండో వారానికే నంబరు వచ్చింది.

ఫిబ్రవరిలోనే స్కూళ్ళు చూశాం. రెండే చూశాం, ఎందుకంటే వ్యాన్ మా వీధికి వచ్చేవి అవే. మొదటి దాంట్లో ఒక మేడమ్ పాప ముందు కాయితం, పెన్సిల్ పెట్టి ఏ నుంచి జెడ్ దాకా రాయమన్నారు. ఇంకా ఎల్‌కేజీలో చేరని పిల్ల ఎల్‌కేజీలో నేర్పేది ఎందుకు రాయాలో నాకు అర్థం కాలేదు. విద్యాహక్కు చట్టం ప్రవేశాలకు పరీక్షలు పెట్టొద్దంటుంది కదా, అందుకే కాబోలు దీన్ని ఇంటరాక్షన్ అంటున్నారు. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని మేడమ్ అడిగితే పాప చాలాసేపు ఆమె వైపే చూసి, "నీ పేరేంది?" అంది. నాకు నవ్వు ఆగలేదు. మేడమ్ నవ్వలేదు. ఫీజు కాయితం మాత్రం నవ్వుతూనే చేతిలో పెట్టారు.

రెండో స్కూల్‌లో టీచర్ పాపను ఏమీ అడగలేదు. నన్నే అడిగారు. బాత్రూం వస్తే చెప్తుందా? కొత్తవాళ్ళకు కూడా చెప్తుందా? తన చేత్తో తింటుందా, ఎంతసేపట్లో తింటుంది? డబ్బా మూత తీయగలదా, పెట్టగలదా? బాటిల్ మూత? చెప్పులు కుడి ఎడమ తెలుసా? అప్పటికే పాపకు ఏబీసీడీలు నోటికి వచ్చు, అ ఆలు వచ్చు, ముప్ఫై దాకా అంకెలు వచ్చు. అవన్నీ చెప్దామని నేను పొద్దున్నుంచీ నేర్చుకుని వచ్చాను. ఆమె అడిగినవాటిలో ఒక్కదానికీ గట్టిగా అవునని చెప్పలేకపోయాను. "అక్షరాలు మేం చూసుకుంటాం. జూన్ దాకా టైముంది, ఇవి మీరు చూసుకోండి" అన్నారు. అక్కడే చేర్చాం. ఏడాదికి ఫీజు 32,000, మూడు టర్ములు. అడ్మిషన్‌కు 5,000 వేరే.

అక్షరాభ్యాసం బాసరలోనే చేయాలని ఆయన పట్టు. వసంత పంచమికి అక్కడ కాలు పెట్టే సందు ఉండదని విని, అది దాటాక ఫిబ్రవరి మూడో వారంలో ఆయనకు రెస్ట్ వచ్చిన రోజు పోయాం. తెల్లవారుజామున నాలుగింటికి కారు కిరాయికి మాట్లాడుకుని కరీంనగర్, జగిత్యాల, ఆర్మూరు మీదుగా పోయేసరికి పది దాటింది. అక్షరాభ్యాసం టికెట్ తీసుకుని మండపంలో వరసగా కూర్చున్నాం. మా ముందు నాందేడ్ వైపు వాళ్ళు, మా వెనక నిజామాబాద్ వాళ్ళు, అందరి ఒళ్ళో ఇంతింత పిల్లలు. అయ్యగారు పలక మీద ఓం రాయించడానికి పాప చెయ్యి పట్టుకుంటే గుప్పిట బిగించేసింది. ఆయన అలవాటైన మనిషి, పాప చేతి మీద వాళ్ళ నాన్న చెయ్యి, దాని మీద తన చెయ్యి పెట్టి రాయించేశారు. ఆ వంకర టింకర ఓం ఇంకా ఉంది, పలక తుడవనివ్వడం లేదు అత్తమ్మ. బలపం మాత్రం కారెక్కేలోపు పాప సగం తినేసింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఇందులో సగం పని నేను చేసింది కాదు, మా కాలనీ అంగన్‌వాడీ చేసింది. డిసెంబరు నుంచే పాపను అక్కడికి పంపుతున్నాం. మొదట నన్ను వదల్లేదు. గోడ పక్కన కింద నేను కూడా కూర్చునేదాన్ని, రోజూ కొంచెం కొంచెం గుమ్మం వైపు జరిగేదాన్ని. సంక్రాంతి నాటికి గుమ్మం బయటికి వచ్చాను. పక్కింటావిడ ఒకటే దెప్పేది. "సింగరేణి జీతం పెట్టుకుని అంగన్‌వాడీకా?" అని. పాపకు ఇంట్లో అన్నం పెట్టాలంటే ఫోన్ ఉండాలి, నేను వెనక తిరగాలి, గంట పట్టాలి. అక్కడ మధ్యాహ్నం పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు పెడతారు. పక్కనున్న పిల్లాడు గుడ్డు తింటుంటే చూసి మా పాప కూడా తినేసింది. నేను కిటికీలోంచి చూశాను. సంతోషం వేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. అంత తిప్పలు పెట్టిన పిల్ల ఇదేనా అని. టీచరమ్మ నాతో అన్నది ఒక్కటే: "ఇంట్ల ఫోన్ చూపెట్టకుండ్రి, ఇక్కడ నేర్సింది అక్కడ పోతది." మార్చి నుంచి అన్నం దగ్గర ఫోన్ బంద్ చేశాం. మొదటి వారం పాప కన్నా అత్తమ్మే ఎక్కువ బాధపడింది, పిల్ల సరిగ్గా తినడం లేదని. ఒకట్రెండు పూటలు నిజంగానే తినలేదు. ఆకలైతే తర్వాతి పూట తిన్నది.

బాత్రూం సంగతి ఎవరూ రాయరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. పాప ఒంటికి వస్తే ఇంట్లో చెప్పేది, డైపర్ ఎప్పుడో మానేసింది. కానీ రెండుకు మాత్రం మా ఇంటి బాత్రూంలోనే పోవాలి, అదీ నాయినమ్మ తలుపు దగ్గర నిలబడాలి. చుట్టాలింటికి పోతే రెండ్రోజులు బిగబట్టేది. స్కూల్లో చూసి వచ్చాను. చిన్నపిల్లలకు వేరే బాత్రూంలు ఉన్నాయి, శుభ్రంగానే ఉన్నాయి, ఆయమ్మ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కానీ అది ఇండియన్ టాయిలెట్, మా ఇంట్లో ఉన్నది వెస్టర్న్. కిందికి కూర్చోవడం పాపకు తెలియదు. కూర్చోబెడితే వెనక్కి పడిపోతుంది. ఇది నేను కలలో కూడా ఊహించని అడ్డంకి.

అత్తమ్మ ఇక్కడ ముందుకు వచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పాపను పక్కన కూర్చోబెట్టుకుని గొంతుక్కూర్చుని ఆడే ఆటలు ఆడించింది. కప్పలా గెంతడం, రాళ్ళు ఏరడం, మొక్కలకు చెంబుతో నీళ్ళు పోయడం, అన్నీ గొంతుక్కూర్చునే. నెల తిరిగేసరికి కాళ్ళు నిలిచాయి. ఆ తర్వాత ఊళ్ళో ఎక్కడికి పోయినా అక్కడి బాత్రూం చూపించడం మొదలుపెట్టాం. ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళకు కొదవ లేదు. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్ళలో భోజనం కన్నా బాత్రూంలే మాకు బాగా గుర్తున్నాయి. హనుమకొండ బస్టాండ్‌లో, పరకాలలో చిన్నత్తమ్మ ఇంట్లో, వేయిస్తంభాల గుడికి పోయినప్పుడు అక్కడ, అన్నిచోట్లా ముందు అదే పని. మా ఆయన ఫోన్ చేసి "ఎక్కడున్నరు?" అంటే పాప గట్టిగా చెప్పేది ఎక్కడుందో. కడుక్కోవడం ఇంకా రాలేదు. దానికి ఆయమ్మ ఉందన్నారు. మగ్గు మాత్రం తను పట్టుకోవాలి.

ఇంకో చిన్న చిక్కు బట్టల దగ్గర వచ్చింది. యూనిఫాం ఫ్రాకుకు నడుము దగ్గర బెల్టు, దానికి లోహపు కొక్కెం. అది నాకే ఒక్క చేత్తో రావడం లేదు. టీచర్‌ను అడిగితే బెల్టు లోపల ఎలాస్టిక్ వేయించుకోవచ్చు, పైకి కనిపించేది మాత్రం అదే ఉండాలన్నారు. కాలనీ దర్జీ కొక్కెం తీసేసి ప్రెస్ బటన్ వేసి ఇచ్చాడు. రెండు బెల్టులకు ఎనభై రూపాయలు. ఇంత చదువు చదివి బెల్టు కోసం ఇంత ఆలోచించాల్సి వస్తుందనుకోలేదు, కానీ ఫ్రాకు తడిసి ఇంటికి వచ్చే పిల్లల్లో సగం మంది బెల్టు వల్లే అలా వస్తారని ఆయమ్మ తర్వాత చెప్పింది.

డబ్బా విషయానికి వస్తే, ఇంట్లో ఉన్న స్టీలు డబ్బా మూత గట్టిది, ఎంత లాగినా పాపకు రాదు. బజారులో అందంగా ఉన్నవన్నీ నాలుగు వైపులా క్లిప్పులు ఉన్నవి. పాపను తీసుకుపోయి కొట్లోనే తీయించి చూశాం. కొట్టతను కాస్త విసుక్కున్నాడు, ఫర్వాలేదు. ఒక వైపే క్లిప్పు ఉన్నది, గోరుతో కాకుండా వేలితో తీస్తే వచ్చేది 240 రూపాయలకు దొరికింది. బాటిల్ తిప్పే మూతది వద్దు, సగం తిప్పి బ్యాగులో పెడితే పుస్తకాలన్నీ నీళ్ళే. నొక్కితే తెరుచుకునేది కొనండి. మే నెలంతా మధ్యాహ్నం అన్నం డబ్బాలోనే పెట్టాం. గడియారం ముందు పెట్టుకుని, పెద్ద ముల్లు నాలుగు దగ్గరికి వచ్చేసరికి అయిపోవాలని. బయట ఎండ, అంగన్‌వాడీకి కూడా సెలవులు, ఇంట్లో మాకు ఇదే ఆట. పెరుగన్నం ఓడిపోయింది, పూరీ ముక్కలు గెలిచాయి.

నిద్ర వేళ మార్చడం మాత్రం నాకు చేతకాలేదు. ఆయన సెకండ్ షిఫ్ట్ చేసి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చే రోజుల్లో పాపకు ఎలా తెలుస్తుందో తెలియదు, లేచి కూర్చుంటుంది. పొద్దున తొమ్మిదికి గానీ లేవదు. వ్యాన్ 8:05కు వస్తుంది. ఎంత పాట్లు పడ్డా కుదరలేదు. చివరికి జూన్ మొదటి వారంలో ఆయనే పాప నిద్ర కుదురుకునేదాకా సెకండ్ షిఫ్ట్ ఉన్న రోజుల్లో భూపాలపల్లిలోనే స్నేహితుడి క్వార్టర్‌లో పడుకుంటానన్నారు. నోటితో చెప్పడానికి తేలికే. ఆ వారాల్లో ఇంట్లో ఎవరికీ బాగోలేదు.

మే చివర్లో పిల్లల డాక్టర్ దగ్గరికి టీకాల కార్డు పట్టుకుని పోయాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, డీపీటీ రెండో బూస్టర్ ఐదేళ్ళు నిండాక వేయించమన్నారు. వచ్చే మార్చిలో అన్నమాట. కళ్ళు, చెవులు కూడా ఒకసారి చూపించమన్నారు. పిల్లలకు బోర్డు సరిగ్గా కనిపించకపోయినా, వినిపించకపోయినా వాళ్ళంతట వాళ్ళు చెప్పరట. వాళ్ళకు అలా ఉండటమే మామూలు అనుకుంటారట. కళ్ళు బాగున్నాయి. ఒక చెవిలో గులిమి గట్టిపడి ఉంది, చుక్కలు వేసి వారం తర్వాత తీశారు. "ఇన్ని రోజులు పిలిస్తే పలకకపోతే మొండిదనుకున్నం" అని అత్తమ్మ డాక్టర్ ముందే అనేసింది.

జూన్ మొదటి వారంలో కొనుగోళ్ళు. పుస్తకాలు స్కూల్లోనే తీసుకోవాలి, 4,650. నాలుగేళ్ళ పిల్ల అన్ని పుస్తకాలు ఏం చేసుకుంటుందో దేవుడికే తెలియాలి. యూనిఫాం రెండు జతలు, స్పోర్ట్స్ డ్రెస్ ఒకటి కలిపి 3,400. బూట్లు వెల్క్రోవే తీసుకోండి, లేసులవి వద్దు. ఒక సైజు పెద్దవి కొందామని నేనన్నాను. కొట్లో పాప వాటితో నాలుగు అడుగులు వేసి బోర్లా పడింది, సరిపోయేవే కొన్నాం. వ్యాన్ నెలకు 1,300. వ్యాన్ అంకుల్ ముందే అడిగాడు, ఏడ్చే పిల్లలను మొదటి నెల మీరే దింపుకోండి, రోడ్డు మీద నాకు కష్టమని. న్యాయమే అనిపించింది.

జూన్ 12 గురువారం. రాత్రంతా నాకు నిద్ర లేదు. ఆయన లీవు పెట్టి వచ్చారు. భద్రకాళి గుడికి పోయి దండం పెట్టుకుని, అక్కణ్ణుంచి నేరుగా స్కూల్‌కు. గేటు దగ్గర పిల్లలు ఒకళ్ళను చూసి ఒకళ్ళు ఏడుస్తున్నారు. తల్లులు కూడా. నేను కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉంటే పాప ఆయమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది. అంతే. శుక్రవారం కూడా అలాగే. మొదటి రెండు వారాలు పన్నెండున్నర వరకే ఉంటుందన్నారు కాబట్టి ఇంటికి తెచ్చి అన్నం పెట్టేవాళ్ళం. మా ఆయన ఊళ్ళో అందరికీ ఫోన్ చేసి చెప్పారు, మా పాప అస్సలు ఏడ్వలేదని. నేను కూడా మురిసిపోయాను.

శనివారం రెండో శనివారం, సెలవు. ఆదివారం ఎలాగూ సెలవే. సోమవారం పొద్దున యూనిఫాం వేస్తుంటే పాప అడిగింది, "మళ్ళా పోవాల్నా? మొన్ననే పోయిన గద" అని. పోవాలమ్మా, రోజూ పోవాలి అన్నాను. "రోజూనా?" అంది. ఏదో పెళ్ళికో జాతరకో పోయొచ్చినట్టు ఒకసారి పోతే అయిపోతుందనుకుంది. ఆ ఒక్క మాటతో మొదలైన ఏడుపు గేటు దాకా, గేటు నుంచి క్లాసు దాకా వినిపించింది. ఆయమ్మ నా చేతుల్లోంచి గుంజుకుని లోపలికి తీసుకుపోయింది. నేను ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు పక్కన నిలబడ్డాను, గోడ మీదుగా ఏ ఏడుపు మా పాపదో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తూ. కొట్టాయన కుర్చీ వేశాడు. "జూన్‌ల గిట్లనే ఉంటది అమ్మా, ఏటా చూస్తా" అన్నాడు.

మొదటిరోజు ఏడవని పిల్లలు తర్వాతి వారంలో ఏడుస్తారని టీచర్ చెప్పారు. ఇది ముందే తెలిసి ఉంటే అంత మురిసేదాన్ని కాదు, అంత బెదిరేదాన్నీ కాదు. ఆమె చెప్పిన ఇంకో రెండు మాటలు మాకు బాగా పనికొచ్చాయి. గేటు దగ్గర ఆగి బుజ్జగించొద్దు, దొంగచాటుగా జారుకోనూ వద్దు, పోతున్నానని చెప్పి పోవాలి. ఎప్పుడు వస్తానో గంటల్లో చెప్పొద్దు. "ప్రేయర్ అయినంక, పాటలు అయినంక, బిస్కెట్లు తిన్నంక వస్త" అని చెప్పాలి. పిల్లలకు పన్నెండున్నర అంటే ఏం తెలుసు? రోజూ అదే మాట, అదే వరసలో చెప్పాను. ఒకరోజు నేను చెప్పకముందే పాప ఏడుస్తూనే ఆ వరసంతా తనే చెప్పింది. జులై మొదటి వారం దాటాక గేటు దగ్గర ఏడుపు మూతి ముడుపుగా మారింది.

ఆ మధ్యలో జరిగినవి ఎవరూ మాకు చెప్పలేదు. రాత్రి పక్క తడపడం మళ్ళీ మొదలైంది, ఎప్పుడో మానేసిన పిల్ల. ఇంటికి రాగానే కారణం లేకుండా కోపం, నాయినమ్మను కొట్టడం. స్కూల్లో బుద్ధిగా ఉంటుందని టీచర్ చెప్తే నమ్మబుద్ధి కాలేదు. పొద్దంతా అక్కడ ఆపుకున్నదంతా ఇంట్లో బయటికి వస్తుందని, కోప్పడొద్దని ఆమె అన్నారు. మూడు నాలుగు వారాల్లో దానంతట అదే తగ్గింది. జలుబులు వేరే కథ. ఒకటి తగ్గకముందే ఇంకోటి. జులైలో క్లాసులో కొందరికి చేతుల మీద, కాళ్ళ మీద, నోట్లో పొక్కులు వచ్చాయి. మా పాపకూ వచ్చాయి. వైరస్ వల్ల వచ్చేదే, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, పొక్కులు ఎండేదాకా బడికి పంపొద్దన్నారు డాక్టర్. నోట్లో మంటకు చల్లటి మజ్జిగ, మెత్తటి అన్నం తప్ప ఏదీ దిగలేదు. ఆ వారం ఇంట్లో ఉన్నాక మళ్ళీ బడికి పంపిన రోజు కొత్తగా చేర్చినట్టే అయింది, ఏడుపుతో సహా.

జూన్ 30 నుంచి మూడింబావు దాకా పూర్తి రోజు. మొదట్లో మధ్యాహ్నం బెంచీ మీదే నిద్రపోయేది. ఆయమ్మ చాప వేసి పడుకోబెట్టేది, ఇప్పుడు కూడా వారంలో ఒకట్రెండు రోజులు పడుకుంటుందట. డబ్బా మూత తీస్తుంది, పెట్టడం రాక తెరిచింది తెరిచినట్టే బ్యాగులో పెట్టుకుని వస్తుంది. బ్యాగ్ అడుగున రోజూ పూరీ ముక్కలు దులుపుతున్నాను. బాత్రూంకు ఒంటికి మాత్రం పోతోంది. రెండుకు ఇంకా ఇంటికి వచ్చేదాకా ఆగుతుంది. వ్యాన్ దిగగానే పరుగు. ఫంక్షన్ హాళ్ళ ప్రాక్టీసు ఇంకా ఫలితం ఇవ్వాల్సి ఉంది.

లెక్క చూస్తే టర్ము ఫీజు, అడ్మిషన్, పుస్తకాలు, బట్టలు, బూట్లు, బ్యాగు, డబ్బాలు, రెండు నెలల వ్యాన్, డాక్టర్లు, బాసర కారు కిరాయి అన్నీ కలిపి నలభై వేలు దాటింది, ఇంకా రెండు టర్ములు కట్టాలి. రెండోది దసరా సెలవులకు ముందే కట్టమని డైరీలో చీటీ పెట్టారు. మార్చిలో ఐదేళ్ళు నిండగానే డీపీటీ బూస్టర్, ఆధార్‌కు వేలిముద్రలు, కొత్త ఫొటో. ఈసారి కెమెరా ముందు కూర్చుంటానని, నోరు మూసుకుంటానని పాప ఇప్పటినుంచే చెప్తోంది.